తాడు లాగిన చెయ్యి

“అది కొట్టెయ్యమ్మా కోడలా. ‘ఇక్కడ మేమంతా క్షేమం’ అని రాస్తే మీ అత్త అక్కడ కూకుని నవ్వుద్ది.”

సరోజిని ఆ వరసని అడ్డంగా కొట్టేసింది. “మరేం రాయమంటారు మావయ్యా?”

“రాయి. నువ్వెళ్ళి ఇయ్యాల్టికి ఐదో రోజు.”

“ఎన్నాళ్ళయిందో అత్తయ్యకి తెలీదా?”

“తెలుసు. నాకూ తెలుసునని రాయి.”

దానయ్య మాట్లాడే తీరే అంత. ఒక మాట అని, అది అవతలి మనిషి చెవిలో పడిందో లేదో చూసుకుని, అప్పుడు రెండో మాట తీసేవాడు. చదువు లేదు. వేలిముద్రతోనే బతుకు గడిచింది. అయినా చెక్క మీద ఉలి పెట్టినంత జాగ్రత్తగా మాట పెట్టే మనిషని రాయపూరు రైల్వే క్వార్టర్ల వెనక బస్తీలో తెలుగువాళ్ళందరికీ పేరు.

ఐదు రోజుల కిందట దేవేంద్ర నగర్‌లోని మిషన్ల దుకాణంలో ఆ జాగ్రత్త ఒక్కసారి తప్పింది. ఆ ఒక్కసారికే పెళ్ళాం అప్పలనరసమ్మ ఇంటికి రాలేదు. దుకాణం మెట్లు దిగి, చేతిలో ఉన్న గుడ్డసంచితోనే ఆరంగ్ బస్సెక్కి, చెల్లెలు శేషమ్మ ఇంటికి పోయింది.

“తరవాత?” అంది సరోజిని.

దానయ్య చేత్తో ఆగమని సైగ చేశాడు. వెనక రేకుల షెడ్డులోంచి కొడుకు పరదేశి వస్తున్నాడు.

పరదేశి చేతిలో కాలిపోయిన మోటారు ఉంది. దాన్ని తెచ్చి అరుగు మీద తండ్రి కాళ్ళ దగ్గర పెట్టాడు. కాలి వారమైనా వాసన ఇంకా వదల్లేదు.

“మిస్త్రీకి చూపించాను. ఖతం అన్నాడు.”

“మళ్ళీ వైరు సుట్టిస్తే?”

“చుట్టించి ఏం చేస్తాం? అర హార్సు మోటారయ్యా ఇది. చపాతీ కర్రలు, లక్కబొమ్మలు, కుంకంబరిణెలు, అంతవరకే దీని తాకత్. పదహారంగుళాల గిన్నె తియ్యమంటే ఏం చేస్తుంది? కాలి చస్తుంది. చచ్చింది.”

అందులో అబద్ధం లేదు. బరిణెలూ బొమ్మలూ ఇప్పుడు బజారులో అడిగేవాడు లేడు. వాటి చోటులోకి ప్లాస్టిక్ వచ్చి కూర్చుంది. వర్తకుడు అడిగేది ఒక్కటే. యేగిస చెక్కతో, ఇక్కడివాళ్ళు బీజా అంటారు దాన్ని, పిండి కలుపుకునేంత వెడల్పు గిన్నెలు. అవి చేసిస్తే ఈ ఇంట్లో చెక్కని తిప్పి చెక్కే లేతు తిరుగుతుంది. చెయ్యలేకపోతే మూడు తరాల పని ఈ అరుగు మీద ఆగిపోతుంది.

“ఆ రోజే కొత్త మషీన్ తెచ్చుకునుంటే ఈపాటికి నాలుగు గిన్నెలు దిగేవి,” అన్నాడు పరదేశి.

“మీ అమ్మ వొద్దంది కదా.”

“అమ్మ వద్దనలేదు. చెక్క బిగించి తిప్పి చూపించమంది. కొనకముందు చెక్క ఎక్కించనని అన్నది సేఠు. నువ్వేం చేశావు? చెప్పులు విప్పి, పూలదండ వేసిన మషీన్ మీద కాలు పెట్టావు.”

సరోజిని తల దించుకుంది. నవ్వు రాబోయి ఆగింది.

విశ్వకర్మ పూజ మర్నాడది. దుకాణంలో ప్రతి మిషనుకీ బంతిపూల దండ, కుంకం బొట్టు. అలాంటిదాని మీద కాలు పెడితే ఎవరైనా ఏమనుకుంటారు? కానీ దానయ్యకి కాలే మొదటి చెయ్యి. యలమంచిలి పక్క వాళ్ళ ఊళ్ళో నేల మీద కూర్చునే చెక్క పట్టేవారు. రెండు మేకుల మధ్య చెక్క, దానికి చుట్టిన తాడు. తాడు రెండు కొసలూ పట్టుకుని ఎదురుగా పెళ్ళాం ఇటూ అటూ లాగుతుంటే చెక్క వస్తూ పోతూ తిరిగేది. వచ్చే తిప్పుకి కోత, పోయే తిప్పుకి ఖాళీ. ఉలి కదలకుండా కాలి బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ఇరికించుకునేవాడు. చెక్క బాగుందో లేదో, ఎక్కడ ముడి ఉందో, అన్నీ ఆ కాలికే ముందు తెలిసేవి. రాయపూరు వచ్చాక కూడా చాలా ఏళ్ళు అలాగే నడిచింది. అప్పలనరసమ్మ కుడి భుజం పైకి లేవకుండా పోయాకే ఈ అర హార్సు మోటారు ఇంట్లోకి వచ్చింది.

“కాలెట్టి సూత్తేనే నాకు తెలుద్ది,” అన్నాడు దానయ్య.

“ఏం తెలిసింది? పట్టులా తిరుగుతోంది, ఇదే తీసుకుందాం అన్నావు. ఖాళీ మషీన్ పట్టులా తిరక్కేం చేస్తుందని అమ్మ అంది. అంతలో సేఠు, ‘బాబా, పైర్ హటావో’ అని కాలు తియ్యమన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నా ఇజ్జత్ పోయింది. నీది కూడా పోయింది. సేఠుని ఏమీ అనలేక అమ్మ మీద పడ్డావు.”

“ఏటన్నానో నాకు గుర్తుంది. నువ్వు సెప్పక్కర్లేదు.”

“చెప్తాను. సరోజిని కూడా విననీ. ‘తాడు లాగినదానికి మిషను సంగతి ఏటి తెలుసు, ఎద్దు కూడా గానుగ లాగుద్ది’ అన్నావు.”

సరోజిని కలం కింద పెట్టేసింది. అత్త ఎందుకు వెళ్ళిందో ఆమెకి తెలుసు గానీ, ఆ మాట ఇదో ఇప్పుడే విన్నది.

రేకుల మీద సన్నటి వాన మొదలైంది. దానయ్య కాలిపోయిన మోటారు వంక చూస్తూ కూర్చున్నాడు. అది ఏదైనా చెబుతుందేమో అన్నట్టు.

పరదేశి చొక్కా జేబులోంచి మడత పెట్టిన అట్టముక్క తీసి పెళ్ళాం ముందు పెట్టాడు. దాని మీద నీలం రంగు ముద్ర ఉంది.

“గేటు పాసు. సోమవారం పొద్దున ఆరింటికి ఉర్లా ఉక్కు ఫ్యాక్టరీలో. పనికి కుదిర్చే ఠేకేదారు పేరు రాసుకున్నాడు.”

“ఏ పని?” అంది సరోజిని. అడగక్కర్లేదని తెలిసే అడిగింది.

“ఫర్నేసు దగ్గర.”

“మా సూర్యారావన్న కూడా ఆ పనికే వెళ్ళాడు. ఇప్పుడు కుడికంటికి గుడ్డ కట్టుకుని తిరుగుతున్నాడు. ఆ గుడ్డ కింద ఏముందో మా వదిన ఒక్కర్తే చూస్తుంది.”

“అందరికీ అలా అవుతుందా?”

“అవదు. అయినవాళ్ళలో మా అన్న ఒకడు. అంతే.”

పరదేశి గొంతు పెంచాడు. “అయితే ఇంట్లో కూర్చుని బొమ్మలకి రంగులేసుకోనా? చెప్పు. మోటారు లేదు, మషీన్ లేదు. కొత్తది తెద్దామంటే అమ్మ వద్దందంటాడు అయ్య. అమ్మని తనే పంపేశాడు.”

“బీర్‌గావ్‌లో పాత లేతొకటుంది,” అన్నాడు దానయ్య.

“ఆ తుక్కా?”

“తుక్కో కాదో సూడాలి కదా. జోగయ్య కబురెట్టి మూడ్రోజులైంది. సోమారం దాన్ని తుక్కు కొనే కబాడీ వోళ్ళు పగలగొట్టీస్తారంట.”

“పగలగొట్టనీ.”

సరోజిని లేచి నిలబడింది. గేటు పాసు తీసుకుని రవికెలో పెట్టుకుంది.

“వెళ్ళి చూసి రండి. ఇద్దరూ. చెక్క కూడా తీసుకెళ్ళండి. అత్తయ్య అడిగిందదే కదా, చెక్క ఎక్కించి చూడమని. చూసొచ్చాక ఇది మీకిస్తాను. అప్పటిదాకా ఇవ్వను.”

కోడలు అంత గట్టిగా మాట్లాడటం దానయ్య ఎప్పుడూ వినలేదు. పరదేశి కూడా వినలేదేమో, షెడ్డులోకి వెళ్ళి యేగిస దిమ్మ భుజానికెత్తుకుని వచ్చాడు.

టెంపోలో దిమ్మని దానయ్య ఒళ్ళో పెట్టుకున్నాడు. వానకి తడిసి, నరికినచోట ఎర్రటి జిగురు కారి, పంచె మీద మరకలు పడ్డాయి. ఎదురుగా కూర్చున్న ముసలావిడ ఆ ఎరుపు చూసి, “కా హోగే బబా?” అని ఏమైందో అడిగింది కంగారుగా. దానయ్య దిమ్మ చూపించాడు. ఆమె నవ్వింది. పరదేశి నవ్వలేదు. ఫ్యాక్టరీల పొగ కనిపించే దాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

బీర్‌గావ్ చివర్లో మూతపడిన ఫౌండ్రీ అది. ఇనుము పోత పోసే చోట గడ్డి మొలిచింది. పక్క షెడ్డు తాళం తీసి జోగయ్య ఎదురొచ్చాడు. కరీంనగర్ మనిషి. పోతకి ముందు చెక్కతో నమూనాలు చేసే మిస్త్రీ. ఫౌండ్రీ మూసేశాక తాళాలకి కాపలా మిగిలాడు.

“రా దానన్నా. నువ్వు రావనుకున్న. ఇగో, ఇదే నా సోపతి. ఇరవై ఆరేండ్లు నాతోటి నడిచింది. చక్రాల నమూనాలు, పంపుల నమూనాలు, అన్ని దీని మీదనే.”

నల్లగా, నూనె మరకలతో, గోడ పక్కన ఏనుగు కూర్చున్నట్టు కూర్చుంది లేతు. రంగు లేదు, బొట్టు లేదు. తిరిగే ఇనప పళ్ళెం కింద బెడ్డు, అంటే అడుగు దూలం, గుంటలా లోపలికి దిగి ఉంది, ఎంత వెడల్పు చెక్కయినా తగలకుండా తిరగడానికి. పైన నాలుగు మెట్లున్న పుల్లీ. దాని మీదుగా అరచేతి వెడల్పు తోలు బెల్టు.

పరదేశి చుట్టూ ఒకసారి తిరిగాడు. “ఎన్ని హార్సులు?”

“ఒకటి.”

“ఒకటేనా? దుకాణంలోది రెండు.”

“గుర్రాలు రెండుంటే ఏంది బిడ్డా, నడక గూడ సూడాలె గదా. గా కొత్త మిషను పదిహేను వందల సుట్లు తిరుగుతది. బరువు ఒక దిక్కే ఉన్న దిమ్మను అట్ల తిప్పితే ఏమైతదో నీకెర్కేనా? ఇది మూడొందల కాడికి దిగుతది.”

“దీనికి మూడు ఫేజుల కరెంటు కావాలి. మా ఇంట్లో ఎక్కడిది?”

“బెల్టు మీద నడిచేదానికి మోటరేదైతేంది? నీ ఇంటి కరెంటుకు సరిపోయే మోటరు పెట్టుకో. మిషను మాత్రం ఇదే ఉండాలె.”

“అన్నిటికీ జవాబుంది నీ దగ్గర.”

“ఇరవై ఆరేండ్లు అడిగిన గదా దీన్ని,” అన్నాడు జోగయ్య.

దిమ్మని ఇనప పళ్ళేనికి మరలతో బిగించారు. జోగయ్య బెల్టుని అన్నిటికంటే పెద్ద మెట్టు మీదకి జరిపి స్విచ్చి వేశాడు. దిమ్మ ఒక పక్క బరువుతో తూగుతూ లేచింది, పడింది, మళ్ళీ లేచింది. బెరడు గాలిని కొడుతున్న చప్పుడు. ఇంట్లో ఇదే దిమ్మ ఎక్కిస్తే మేకులు ఊడొచ్చేంతగా బల్ల గెంతేది. ఇక్కడ కింద నేల కూడా అదరలేదు.

దానయ్య చెప్పులు విప్పాడు. విప్పి, కొడుకు వంక చూసి, జోగయ్య వంక చూశాడు.

“పెట్టొచ్చా?”

“ఏంది?”

“కాలు.”

జోగయ్య నవ్వాడు. “నాకు చెయ్యి, నీకు కాలు. పెట్టు. అదేమనుకోదు.”

పరదేశి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. దానయ్య అరికాలు ఇనుము మీద ఆనించాడు. చల్లగా ఉంది. లోపల ఎక్కడో నిదానంగా దెబ్బ వేస్తోంది, పడుకున్న ఎద్దు ఊపిరిలాగ. ఎద్దు అనుకోగానే అన్నమాట గుర్తొచ్చి కాలు తీయబోయాడు. తీయలేదు.

పరదేశి ఉలి అందుకున్నాడు. కొడుకు పనిమంతుడు, అందులో అనుమానం లేదు. మొదట బెరడు ఎగిరింది. ఆ వెనక ఎర్రటి చెక్కు రిబ్బనులా జారి అతని చేతుల మీద పడింది. అంచు గుండ్రమయ్యింది. తూగుడు తగ్గింది. ఉలి లోపలికి దిగడం మొదలైంది. పదహారంగుళాల వెడల్పులో గుంట పడుతోంది. పరదేశి ముఖంలో ఐదు రోజులుగా లేని వెలుగు ఏదో వచ్చింది.

అప్పుడు ముడి తగిలింది.

ఉలి ముక్కు ఒక్కసారిగా చెక్కలోకి దూరిపోయింది. పిడి పరదేశి చేతిలో ఎగిరింది. ఆ క్షణంలోనే పైన బెల్టు ‘ఫట్’మని జారింది. మోటారు తిరుగుతూనే ఉంది. చెక్క మాత్రం ఆగిపోయింది. ఉలి చెక్కలో అలాగే నిలబడింది. పరదేశి వేళ్ళు పిడి మీద, చెక్కుచెదరకుండా.

జోగయ్య స్విచ్చి ఆపాడు.

“చూశావా అయ్యా?” పరదేశి గొంతులో కసి. “ముడి తగిలేసరికి ఆగిపోయింది. దమ్ము లేదు దీనికి. ఇదా నువ్వు చూపించే తాకత్?”

దానయ్య వినలేదు. అతని చూపు తన పాదం మీద ఉంది.

బెల్టు జారినప్పుడు ఇనుములో దెబ్బ ఆగింది కదా, ఆ ఆగడం ఈ కాలికి కొత్త కాదు. ముప్పై ఏళ్ళు, రోజుకి ఇన్నిసార్లని లెక్కలేకుండా, ఈ కాలికి తెలిసిన ఆగడమే. ఉలి ముడిలో దిగబడబోయే సమయానికి ఎదురుగా తాడు వదులయ్యేది. చెక్క నిలిచిపోయేది. ఉలి కాలి వేళ్ళ మధ్య అలాగే ఉండేది. “నిద్దరోతన్నావేటే?” అని కసురుకునేవాడు తను. అప్పలనరసమ్మ ఒక్కనాడూ బదులు చెప్పలేదు. తాడు మళ్ళీ బిగించి లాగేది.

ముడి ఆమె వైపుకి కనబడదు. చెక్క అవతల కూర్చునేది ఆమె. కంటితో చూసి వదిలింది కాదు. తాడులోంచి తెలిసి వదిలేది. ఉలి పట్టిన తన కాలికంటే ముందే తెలిసేది.

వాళ్ళ ఊళ్ళో చెక్క పట్టినవాళ్ళలో బొటనవేలు పోయినవాళ్ళు ముగ్గురు. తన మేనమామ ఒకడు. తన కాళ్ళకి పది వేళ్ళూ ఉన్నాయి. ఇన్నాళ్ళూ అది తన పనితనమని నలుగురికీ చెప్పుకున్నాడు.

“జోగయ్యా,” అన్నాడు. “ఆ బెల్టు బిగిస్తే జారదా?”

“జారదు. కని నేనెన్నడు జారకుంట అంత బిగువ బిగియ్యలే. ఉలి దిగబడ్డప్పుడు ఏదో ఒకటి ఇడవాలె గదా దానన్నా. బెల్టన్న ఇడవాలె, చెక్కన్న పగలాలె, లేకుంటే మనిషి చెయ్యన్న. బెల్టు ఇడిస్తే నయం.”

“ఒరే పరదేశీ. దుకాణందాంట్లో ఏటి వదులుద్ది?”

పరదేశి ఉలి ఊడదీస్తున్నాడు. “ఏదీ వదలదు. రెండు బెల్టులూ గాడిలో కూరుకుపోయుంటాయి. అందుకే దాన్ని మంచి మషీన్ అంటారు.”

“అయితే అది మనకొద్దు.”

“నీకొద్దు. నాకు కావాలి. ప్రతి ముడికీ ఆగే మషీన్ మీద రోజుకి ఒక గిన్నె కూడా దిగదు. యేగిసలో ముడి లేని చెక్క ఎక్కడుంది? పోనీ బెల్టు కొంచెం బిగిద్దాం. ఎంత బిగించాలి? పని సాగేటంత, చెయ్యి పోకుండా ఉండేటంత. అది ఎవడు చెప్తాడు? నువ్వు చెప్తావా?”

దానయ్య జోగయ్య వంక చూశాడు.

జోగయ్య తల అడ్డంగా ఊపాడు. “నేను టేకు, దేవదారు తప్ప చెయ్యలే. ఈ ముడుల కర్ర కత నాకు తెల్వది. నా అంత బిగువ పెడితే మీవోడు అన్నట్టె ముడిముడికి ఆగుతది.”

“చెప్పయ్యా,” అన్నాడు పరదేశి. “నువ్వే చెప్పు. నువ్వు జన్మలో ఎప్పుడైనా తాడు పట్టావా?”

దానయ్య ఇనుము మీంచి కాలు తీశాడు.

“పట్లేదు,” అన్నాడు దానయ్య.

కొడుకు విన్నాడని చూసి రెండో మాట తీశాడు. “మీ అమ్మ పట్టింది.”

పరదేశి ఉలి తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. దిమ్మని మిషను మీదే వదిలేశాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

“రేపు సాయంత్రం దాకా చూస్తాను. అమ్మ వచ్చి ఈ బెల్టు మీద చెయ్యి వేసి, ఇది చాలురా అంటే ఉంటాను. నీ మాట మీద మాత్రం ఉండను. రాకపోతే సోమవారం ఆరింటికి గేటు దగ్గర ఉంటాను. సరోజిని పాసు ఇవ్వకపోయినా లోపలికి పోవడం నాకు తెలుసు.”

తండ్రి కోసం ఆగకుండా వానలోకి వెళ్ళిపోయాడు.

“రేపు దీపాలేళ దాక కరెంటు ఉంచుత,” అన్నాడు జోగయ్య మెల్లగా. “ఎల్లుండి పొద్దుగాల్ల కబాడీవాళ్ళు సుత్తెలు తెస్తరు. నేను ఆపలేను దానన్నా. నా చేతిల ఉన్నయి తాళాలే.”

దానయ్య ఇల్లు చేరేసరికి భీమారావు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అదే వీధి మనిషి, ఆరంగ్ బస్సు కండక్టరు. సాయంత్రం ఆరింటి బస్సు మీద పోతాడు. ఉత్తరం అతని చేతికిద్దామనే సరోజిని కూర్చోబెట్టింది.

“తొందరగా కానీ బాబాయ్. బస్సు ఆగదు.”

సరోజిని మావగారి ముఖం చూసింది. పరదేశి ఏడని అడగలేదు. కొత్త కాగితం తీసింది.

“పొద్దున్న రాసింది?”

“చింపీ. ఆరంగ్‌లో తెలుగు చదవగలిగింది ఆ గుంటే కదా, శేషమ్మ కూతురు. దాని పేరు మీదే రాయి.”

దానయ్య స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఒక మాట చెప్పి, కలం ఆగేదాకా చూసి, రెండోది చెప్పాడు. బెల్టు జారడం చెప్పాడు. తన కాళ్ళకి పది వేళ్ళూ ఎవరివల్ల మిగిలాయో చెప్పాడు. సరోజిని మధ్యలో ఒక్కచోట ఆగింది.

“ఎద్దు మాట కూడా రాయాలా మావయ్యా? చిన్నపిల్ల చదువుతుంది.”

“రాయి. నేనన్న మాట నేనే పలక్కపోతే ఎనక్కి ఎలగ తీసుకుంటాను?”

భీమారావు గ్లాసు కింద పెట్టాడు. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాడు.

“బాబాయ్, పొద్దున్న మన అప్పలనరసమ్మ పిన్ని ఆరంగ్ స్టాండులో కనపడింది. చేతిలో సంచుంది. నేనప్పుడు టికెట్లు కొడతన్నాను, పలకరించలేదు. ఏ బస్సు కోసం నిలబడిందో మరి తెలీదు.”

“ఇటా, అటా?” అంది సరోజిని.

“రెండు బస్సులూ అక్కడే ఆగుతాయి కదమ్మా.”

ఇటైతే మధ్యాహ్నానికే రావాలి. రాలేదు. అటైతే యలమంచిలి పక్క సొంత ఊరి దారి. ఆ ఊళ్ళో ఆమెకి ఇల్లు కూడా లేదు.

దానయ్య కళ్ళు మూసుకున్నాడు. భీమారావు లేచి, కండక్టరు సంచి భుజానికి తగిలించుకున్నాడు.

“రాయమ్మా,” అన్నాడు దానయ్య. “కింద ఇది రాసి మడతెట్టీ.”

సరోజిని రాసింది.

“అమ్మా గంగాభవానీ, మీ పెదనాన్న దానయ్య రాయించింది. ఇదంతా మీ పెద్దమ్మకి చదివి వినిపించు. నన్ను చూసి కాదు, ఆ బెల్టు కోసం రమ్మని చెప్పు. భుజం నొప్పని చెబితే, ఎడం చెయ్యి వేసినా చాలని చెప్పు. రేపు దీపాలేళ దాకా ఆ బెల్టు ఆవిడ చెయ్యి కోసం చూస్తుంది. ముఖం అటు తిప్పుకుని కూర్చుంటే, ఆగకుండా చదువు, వింటుంది. చాలు ఆపమంటే, కాలి వేళ్ళ సంగతి రాసిన చోటు మళ్ళీ ఒకసారి చదివి అప్పుడు ఆపు. ఆవిడ మీ ఇంట్లో లేకపోతే, ఈ కాగితం దాచిపెట్టకు తల్లీ. ఎటు పోయిందో అడుగు. ఎవరో ఒకరిని తోడు తీసుకుని, ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి చదువు.”